కదిలే చేయి, కనిపెట్టే కెమెరా

బల్ల మీద ఉన్న గ్లాసును అందుకొని నీళ్ళు తాగడానికి రెండు మూడు క్షణాలు చాలు. ఆ పని చేస్తున్నప్పుడు చేతి గురించి ఎవరూ ఆలోచించరు. కాని ఆ కొద్దిసేపటిలోనే భుజం ముందుకు కదులుతుంది, మోచేయి చాచుకుంటుంది, ముంజేయి తిరుగుతుంది, మణికట్టు కొంచెం వెనక్కి వంగి నిలుస్తుంది, వేళ్ళు విచ్చుకుంటాయి. వీటిలో ఏ ఒక్కటి సమయానికి జరగకపోయినా గ్లాసు అందదు, అందినా నీళ్ళు ఒలుకుతాయి.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. వేళ్ళు గ్లాసు దగ్గరకు చేరిన తరువాత విచ్చుకోవు. చేయి ఇంకా దారిలో ఉండగానే విచ్చుకుంటాయి. అదీ గ్లాసు వెడల్పు కంటె కొంచెం ఎక్కువగా విచ్చుకొని, దగ్గరకు వచ్చేకొద్దీ మళ్ళీ ముడుచుకుంటాయి. గోళీని తీసుకోబోయేటప్పుడు తక్కువగా, బంతిని తీసుకోబోయేటప్పుడు ఎక్కువగా తెరుచుకుంటాయి. వస్తువు ఎంత ఉన్నదో కన్ను ముందే చూస్తుంది. దానికి తగినట్లు మెదడు చేతిని ముందే సిద్ధం చేస్తుంది. ఫ్రాన్సు దేశపు నాడీశాస్త్రజ్ఞుడు మార్క్ జాన్నెరో 1980ల తొలి సంవత్సరాలలో, వస్తువులను అందుకొంటున్న చేతులను ఫిల్ము మీద చిత్రించి, ఒక్కొక్క ఫ్రేమునూ పరిశీలించి ఈ సంగతిని వివరించాడు. ప్రతి మనిషీ రోజుకు వందలసార్లు చేసే పని ఇది. అయినా ఫిల్మును ఆపి చూస్తే తప్ప ఇది స్పష్టంగా బయటపడలేదు.

ఈ పొందిక అంతా ఒక్కసారిగా చెదిరిపోయే జబ్బు పక్షవాతం. పక్షమంటే పక్క అనీ, రెక్క అనీ అర్థం. శరీరంలో ఒక పక్క చచ్చుబడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మెదడుకు రక్తాన్ని తీసుకొనిపోయే నాళంలో గడ్డ అడ్డుపడితే, దాని అవతలి నాడీకణాలకు ప్రాణవాయువు అందదు. కొందరిలో నాళం చిట్లి రక్తం మెదడులోకి చిమ్ముతుంది. రెండు విధాలా జరిగేది ఒక్కటే. కొద్ది నిమిషాలలో కణాలు చనిపోవడం మొదలవుతుంది. మెదడు ఎడమ సగం శరీరపు కుడి పక్కనూ, కుడి సగం ఎడమ పక్కనూ నడిపిస్తాయి. అందువల్ల మెదడులో ఎడమ వైపు దెబ్బ తగిలితే కుడి చేయి, కుడి కాలు పడిపోతాయి. రెండు చేతులనూ ముందుకు చాచి, కళ్ళు మూసుకొని పది సెకన్లు ఉండమన్నప్పుడు ఒక చేయి తనంతట తాను కిందికి జారితే అది పక్షవాతానికి గుర్తు కావచ్చు. ముఖం ఒక వైపుకు వంకరపోవడం, మాట ముద్దగా రావడం కూడా ఇటువంటి గుర్తులే. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయరాదు. గడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటలలోగా ఇవ్వవలసి ఉంటుంది.

కాలి కంటె చేయి కోలుకోవడం సాధారణంగా కష్టం. ఊతకర్రతో నడిచి తిరిగే వారిలో కూడా చాలామందికి చేయి పూర్తిగా స్వాధీనంలోకి రాదు. చేతి పనులు ఎంత సున్నితమైనవో తెలిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. కెనడాలోని మాంట్రియల్ నగరంలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు, మెలకువగా ఉన్న రోగులకు ఆపరేషన్ చేస్తూ, మెదడు పైపొరను స్వల్పమైన విద్యుత్తుతో తాకి ఏ చోట తాకితే ఏ అవయవం కదులుతుందో గుర్తించాడు. ఎడ్విన్ బోల్డ్రేతో కలిసి 1937లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆ పటంలో చేతికీ ముఖానికీ దక్కిన చోటు చాలా పెద్దది. వీపుకూ పొట్టకూ దక్కినది చాలా చిన్నది.

పడిపోయిన చేయి కోలుకొనే తీరుకు ఒక వరుస ఉన్నది. అమెరికా వైద్యుడు థామస్ ట్విచెల్ 1951లో దానిని వివరంగా రాశాడు. మొదట చేయి తడిగుడ్డలా వేలాడుతుంది. కొన్నాళ్ళకు కండరాలు బిగుసుకోవడం మొదలవుతుంది. తరువాత కదలిక వస్తుంది కాని విడివిడిగా రాదు, గుంపుగా వస్తుంది. చేయి పైకెత్తమంటే భుజంతోపాటు మోచేయి కూడా ముడుచుకుంటుంది, వేళ్ళు పిడికిలి బిగుస్తాయి. ఒక్క మోచేతిని మాత్రమే, లేదా ఒక్క వేలిని మాత్రమే కదపగలగడం చివరి మెట్టు. అందరూ ఆ మెట్టుదాకా రారు. కొందరు మధ్యలోనే ఆగిపోతారు. ఎవరు ఎంతవరకు వచ్చారో తెలుసుకోవడమే ఇక్కడ అసలు ప్రశ్న.

“చెయ్యి ఎలా ఉందండీ?” అని అడిగితే ఇంట్లోవారు “కాస్త నయం” అంటారు. రోగి “ఏముంది, అలాగే ఉంది” అంటాడు. ఇద్దరిలో ఎవరిది నిజం? వ్యాయామం ఎంతకాలం కొనసాగించాలి, ఏ కదలిక మీద ఎక్కువ శ్రమ పెట్టాలి, కొత్త చికిత్స పనిచేస్తున్నదా లేదా అన్నవన్నీ ఈ జవాబు మీదనే ఆధారపడి ఉంటాయి. జ్వరానికి థర్మామీటరు ఉన్నది. చేతి కదలికకు అటువంటి కొలత ఏది?

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో ఆక్సెల్ ఫుగుల్ మేయర్ అనే వైద్యుడు, అతని సహచరులు 1975లో ఒక కొలతను తయారుచేశారు. ట్విచెల్ చెప్పిన వరుసే దానికి ఆధారం. ఇప్పటికీ ప్రపంచమంతటా ఎక్కువగా వాడుతున్నది అదే. చేతికి సంబంధించి అందులో 33 అంశాలు ఉన్నాయి. చేతిని నడుము వెనుకకు పెట్టడం, మణికట్టును గుండ్రంగా తిప్పడం, బొటనవేలిని చూపుడువేలి మొదలుకు ఆనించి కాగితం ముక్కను జారిపోకుండా పట్టుకోవడం, కళ్ళు మూసుకొని చూపుడువేలితో మోకాలినీ ముక్కునూ మార్చి మార్చి అయిదుసార్లు తాకడం వంటివి. చేయలేకపోతే సున్న, కొంతవరకు చేస్తే ఒకటి, పూర్తిగా చేస్తే రెండు. అన్నీ కలిపితే 66 మార్కులు. 1981లో లైల్ అనే పరిశోధకుడు ప్రచురించిన మరొక పరీక్షలో 19 పనులు, 57 మార్కులు ఉన్నాయి. దానికి కావలసిన సామగ్రిని చూస్తే పిల్లల ఆటసామాను పెట్టెలా ఉంటుంది: చెక్క దిమ్మెలు, క్రికెట్ బంతి, సానరాయి, గోళీ, సైకిలు బేరింగులో ఉండేటటువంటి చిన్న ఇనుప గుండు, ఒక గ్లాసులోనుంచి మరొక గ్లాసులోకి పోయడానికి నీళ్ళు.

ఈ పరీక్షలు ఎంతో ఉపయోగపడ్డాయి, ఇంకా పడుతున్నాయి. అయితే సున్న, ఒకటి, రెండు అనే మూడు గదులలో మధ్యగది చాలా వెడల్పయినది. ఒక రోగి జనవరిలో మోచేతిని కొద్దిగా మాత్రమే చాచగలిగాడనుకుందాం. మార్చి వచ్చేసరికి దాదాపు పూర్తిగా చాచగలుగుతున్నాడు, చివరి కొంచెం మాత్రం రావడం లేదు. రెండుసార్లూ అతనికి వచ్చేది ఒక మార్కే. కాగితం మీద మార్పు లేదు. మార్పు లేదని విన్న రోగి వ్యాయామం మానేస్తే, ఆ పట్టిక అతనికి అన్యాయం చేసినట్లే.

దీనికి సరిగ్గా ఎదురుగా మరొక పొరపాటు ఉన్నది. ఇది మరీ తేలికగా జరుగుతుంది. రోగి ముందు గ్లాసు పెట్టి అందుకోమంటారు. అందుకుంటాడు. అందరూ సంతోషిస్తారు. కాని గ్లాసు మీద ఉన్న చూపును కొంచెం పక్కకు తిప్పితే వేరే దృశ్యం కనిపిస్తుంది. మోచేయి దాదాపు కదలనే లేదు. రోగి నడుము నుంచి ముందుకు వంగి, భుజాన్ని చెవిదాకా ఎత్తి, మొండెంతో చేతిని మోసుకొనిపోయాడు. పని జరిగింది కాని చేసింది చేయి కాదు. మాంట్రియల్‌లోనే మిండీ లెవిన్, కార్మెన్ చిర్‌స్టియా అనే పరిశోధకులు 2000 సంవత్సరంలో ఈ తీరును కొలిచి చూపించారు. చేయి ఎక్కువగా దెబ్బతిన్నవారు దగ్గరలోని వస్తువుకు కూడా మొండెంను వంచుతారు. ఆరోగ్యవంతులు చేయి చాలనంత దూరంలో వస్తువు ఉంటే తప్ప అలా వంగరు.

ఇలా వంగడం తప్పా? ఒక్క మాటలో చెప్పలేము. చేయి ఇక కోలుకోదని తేలిన మనిషికి, అన్నం నోటిదాకా తెచ్చుకోవడానికి అదే దారి అయితే, దానిని ఎవరూ కాదనకూడదు. కాని కోలుకొనే అవకాశం ఇంకా ఉన్న మొదటి నెలల్లో ఇది అలవాటయితే మోచేతికి పని తగ్గిపోతుంది. పని లేని కీలు బిగుసుకొంటుంది. అందుకే కొందరు చికిత్సకులు రోగి మొండెంను కుర్చీ వీపుకు మెత్తటి పట్టీతో కట్టి, చేయి మాత్రమే చాచేలా సాధన చేయిస్తారు. ఈ నిర్ణయం తీసుకోవాలంటే మొండెం ఎంత వంగింది, మోచేయి ఎంత చాచుకుంది అన్నవి విడివిడిగా తెలియాలి. మనిషి చూపు ఒకేసారి అన్నిచోట్లా నిలవదు. గ్లాసును చూస్తే భుజం తప్పిపోతుంది, భుజాన్ని చూస్తే వేళ్ళు తప్పిపోతాయి.

కదలికను నిలిపి చూడాలన్న కోరిక వీడియో కంటె చాలా పాతది. ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మారే 1882లో తుపాకి ఆకారంలో ఒక కెమెరా చేశాడు. అది సెకనుకు 12 ఫొటోలు తీసేది. దానితో ఎగిరే పక్షుల రెక్కలు ఎలా ఆడుతున్నాయో చూశాడు. 1895 చివర పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బుకు సినిమా చూపించారు. 1896 జూలై 7న అది బొంబాయికి కూడా వచ్చింది. జనం వినోదంగా చూస్తున్న ఆ యంత్రాన్ని ఒక వైద్యుడు వేరే దృష్టితో చూశాడు. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో గియోర్గె మరినెస్కు 1898 నుంచి తన రోగులను చలనచిత్రాలుగా తీశాడు. వైద్య పరిశోధన కోసం తీసిన మొట్టమొదటి చిత్రాలలో అవి ఉన్నాయి. మొదట తీసినది ఎవరిని? పక్షవాతంతో ఒక పక్క పడిపోయి, కష్టపడి నడుస్తున్నవారినే. అతడు ఫ్రేముల నుంచి బొమ్మలు గీయించి, అడుగు తరువాత అడుగు పోల్చి చూశాడు. సినిమా పుట్టిన మూడేళ్ళలోపే అది పక్షవాత రోగి ముందు నిలబడిందన్న సంగతి సినిమా చరిత్రలు చదివేవారికి కూడా అంతగా తెలియదు.

ఫిల్ము ఖరీదైనది, కడిగితే గాని కనిపించదు. వీడియో టేపు వచ్చిన తరువాత తీసిన వెంటనే చూడడం, వెనక్కి తిప్పి మళ్ళీ చూడడం సాధ్యమయింది. పరీక్ష చేసే తీరు కూడా దానితో మారింది. చికిత్స చేసిన మనిషే మార్కులు వేస్తే, తెలియకుండానే ఒక మార్కు ఎక్కువ పడవచ్చు. తాను నెలల తరబడి శ్రమపడిన చేయి బాగుపడాలని ఎవరికి ఉండదు? టేపును ఆ రోగిని ఎరుగని వేరొకరికి పంపితే ఆ చిక్కు ఉండదు. అది చికిత్సకు ముందు తీసినదా, తరువాత తీసినదా అన్నది కూడా చెప్పకుండా పంపవచ్చు. అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరంలో ఎడ్వర్డ్ టాబ్ రూపొందించిన ఒక చికిత్స ఉన్నది. బాగున్న చేతికి తొడుగు వేసి ఉంచి, పాడయిన చేతితోనే రోజంతా పనులు చేయిస్తారు. ఈ పద్ధతిని 222 మంది రోగులతో పరీక్షించి, చికిత్సతో చేయి నిజంగానే మెరుగుపడిందని 2006లో ప్రకటించారు. ఆ పరిశోధనలో మార్కులు వేసినవారికి ఎవరు చికిత్స పొందారో, ఎవరు పొందలేదో తెలియనివ్వలేదు.

టేపును చూసి మార్కులు వేయడంలో కూడా కొలత మనిషి కంటిలోనే ఉన్నది. కోణాలనూ వేగాన్నీ అంకెలలో చెప్పాలంటే చాలాకాలం ఒక్కటే మార్గం ఉండేది. రోగి కీళ్ళ మీద వెలుతురును తిప్పికొట్టే చిన్న గుండ్లను అంటించి, గది చుట్టూ అనేక కెమెరాలు పెట్టి తీసేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ చాలా కచ్చితమైనది. కాని అటువంటి గది పెద్ద పరిశోధనశాలలలోనే ఉంటుంది, గుండ్లు అంటించడానికే చాలా సమయం పోతుంది. 2010లో ఆటల కోసం వచ్చిన కినెక్ట్ అనే కెమెరా ఏ గుండ్లూ లేకుండానే మనిషి శరీరాన్ని గుర్తుపట్టగలిగింది. పరిశోధకులు దానిని ఉత్సాహంగా ఆసుపత్రులలోకి తెచ్చుకున్నారు. 2017లో దాని తయారీ ఆగిపోయింది. అప్పటికి మామూలు కెమెరాలో తీసిన వీడియో నుంచే కీళ్ళను గుర్తించే ప్రోగ్రాములు తయారవుతున్నాయి.

ఈ ప్రోగ్రాములు పనిచేసే పద్ధతిలో మాయ ఏమీ లేదు. ముందుగా మనుషులు కూర్చుని వేలాది ఫొటోలలో “ఇది భుజం, ఇది మోచేయి, ఇది మణికట్టు” అని చుక్కలు పెడతారు. ఆ ఫొటోలను చూసి చూసి కంప్యూటరు కొత్త ఫొటోలో ఆ చుక్కలు ఎక్కడ ఉండవచ్చునో ఊహించడం నేర్చుకుంటుంది. మీడియాపైప్ అనే ప్రోగ్రాము శరీరం మీద 33 చుక్కలను, ఒక్కొక్క అరచేతిలో 21 చుక్కలను గుర్తిస్తుంది. చుక్కలు దొరికిన తరువాత మిగిలినది ఎనిమిదో తరగతి రేఖాగణితమే. భుజం, మోచేయి, మణికట్టు అనే మూడు బిందువులను కలిపితే మోచేతి దగ్గర ఒక కోణం ఏర్పడుతుంది. చేయి పూర్తిగా చాచితే అది 180 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. జనవరిలో 110, మార్చిలో 160 వచ్చిందనుకుందాం. ఇంతకు ముందు రెండుసార్లూ ఒకే మార్కు వచ్చిన చేతికి ఇప్పుడు తేడా కనిపించింది.

వేగం నుంచి తెలిసేది ఇంకా ఎక్కువ. మామూలు మొబైలు కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. ఒక ఫ్రేముకూ తరువాతి ఫ్రేముకూ మధ్య మణికట్టు ఎంత దూరం జరిగిందో లెక్కిస్తే ఆ క్షణపు వేగం వస్తుంది. దానిని గీతగా గీస్తే, ఆరోగ్యమైన చేయి గ్లాసును అందుకొనేటప్పుడు ఒకే కొండ కనిపిస్తుంది. వేగం నున్నగా పెరిగి, నున్నగా తగ్గుతుంది. పక్షవాతం వచ్చిన చేతికి ఒక కొండ ఉండదు, చిన్న చిన్న గుట్టల వరుస ఉంటుంది. చేయి కొంచెం కదిలి, ఆగి, మళ్ళీ కదులుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు రోగి చేతిని ఒక యంత్రపు చేతికి కట్టి సాధన చేయించి, ఆ కదలికలను నమోదు చేశారు. కోలుకొనేకొద్దీ గుట్టలు ఒకదానిలో ఒకటి కలిసిపోతూ నున్నగా మారుతున్నాయని 2002లో తెలిపారు. వారు కొలిచింది యంత్రంతో. ఇప్పుడు వీడియోతో ఆ పని చేయడానికి ప్రయత్నాలు జరుగుతున్నాయి.

అయితే వీడియోను ఎలాగో ఒకలా తీస్తే చాలదు. మనిషి చేతిలో పట్టుకున్న కెమెరా ఊగుతుంది. ఆ ఊపును కంప్యూటరు రోగి చేతి వణుకుగా లెక్కవేస్తుంది. కాబట్టి కెమెరాను స్టాండు మీద గాని, కదలని బల్ల మీద గాని ఉంచాలి. వెలుతురు రోగి వెనుక కిటికీ నుంచి కాక, ముందు నుంచి రావాలి. తల నుంచి నడుము దాకా, రెండు చేతులూ చాచినప్పుడు కూడా చట్రంలో ఇమడాలి. బట్టల చిక్కు మరొకటి. వదులు చొక్కా చేతులు, భుజం మీది పైట, కప్పుకున్న శాలువా మోచేతినీ భుజాన్నీ దాచేస్తాయి. అప్పుడు కంప్యూటరు గుడ్డ అంచును చూసి అదే మోచేయి అనుకుంటుంది. పైటను నడుములో దోపుకొని, చొక్కా చేతిని పైకి మడిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఒకే కెమెరాతో మరొక ఇబ్బంది తప్పదు. గోడ మీద పడే నీడతో దీనిని అర్థం చేసుకోవచ్చు. సాయంత్రపు ఎండలో ఒక కర్రను గోడకు సమాంతరంగా పట్టుకుంటే నీడ కర్రంత పొడవు ఉంటుంది. కర్ర కొనను గోడ వైపు తిప్పుతూ పోతే నీడ పొట్టిదవుతుంది, చివరకు చిన్న మచ్చ అవుతుంది. కర్ర మాత్రం అంతే ఉన్నది. కెమెరాకు ఎదురుగా కూర్చున్న రోగి చేతిని ముందుకు, అంటే కెమెరా వైపుకు చాచినప్పుడు జరిగేది ఇదే. చాచిన చేయి కూడా ముడిచినట్లే కనిపిస్తుంది. మొండెం ముందుకు వంగడం కూడా ఎదుటి నుంచి సరిగా తెలియదు. అందుకని ముందుకు చాచే పనులను పక్క నుంచి, పక్కకు ఎత్తే పనులను ఎదుటి నుంచి తీయడం మంచిది. రెండు కెమెరాలు ఉంటే ఇంకా నయం.

రోగికి చెప్పే మాట కూడా కొలతలో భాగమే. పక్షవాతంలో కొందరికి మాటలు అర్థం చేసుకొనే శక్తి తగ్గుతుంది. బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపురం వంటి ఊళ్ళలో ఫిజియోథెరపిస్టు ఒక భాష వారు, ఎదురుగా కూర్చున్న పెద్దావిడ తెలుగు తప్ప రానివారు కావచ్చు. చెప్పింది అర్థం కాక కదపని చేతికి సున్న మార్కు వేస్తే అది చేతి తప్పు కాదు. అందుకే పరీక్ష చేసేవారు ముందుగా తాము చేసి చూపిస్తారు. తరువాత “అవ్వా, ముందు మంచి చేత్తో చెయ్యండి” అని అడుగుతారు. మంచి చేయి సరిగ్గా చేసిందంటే మాట అర్థమయిందని తెలుస్తుంది. ఆ చేతి కదలిక రెండవ చేతితో పోల్చడానికీ పనికివస్తుంది.

వీడియోకు కనిపించనివి కూడా ఉన్నాయి. మోకాలి చిప్ప కింద తట్టినప్పుడు కాలు ఎగిరినట్లే, మోచేతి దగ్గరి స్నాయువును చిన్న సుత్తితో తట్టితే చేయి అదురుతుంది. దీనిని ప్రతీకార చర్య అంటారు. ఫుగుల్ మేయర్ కొలతలో 6 మార్కులు ఇటువంటి చర్యలకే ఉన్నాయి. తట్టి చూస్తే గాని అవి తెలియవు. కాబట్టి దూరం నుంచి వీడియో చూసి మార్కులు వేసేవారు 66కు బదులు 60కే లెక్క కడతారు. కండరం ఎంత బిగుసుకొని ఉన్నదో చేతితో పట్టి వంచి చూడాలి. వేళ్ళకు స్పర్శ తెలుస్తున్నదా, భుజం నొప్పిగా ఉన్నదా అన్నది అడిగి తెలుసుకోవాలి. గ్లాసు వెనుక దాగిన వేళ్ళను కంప్యూటరు చూడలేదు, ఊహిస్తుంది. ఆ ఊహ కొన్నిసార్లు తప్పుతుంది. ఎక్కువగా ఆరోగ్యవంతుల ఫొటోలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాముకు, బిగుసుకొని వంకర తిరిగిన చేతిలో కీళ్ళను గుర్తించడం మరింత కష్టం.

అన్నిటికంటె లోతైన చిక్కు వేరే ఉన్నది. కెమెరా ముందు చేయగలిగిన పనిని రోగి ఇంటి దగ్గర చేస్తాడన్న నమ్మకం లేదు. మొదటి రోజులలో ఎంత ప్రయత్నించినా కదలని చేతిని మనిషి నెమ్మదిగా మరచిపోతాడు. తరువాత కదలిక వచ్చినా దానిని పనిలోకి పిలవడు. టాబ్ దీనిని నేర్చుకున్న వాడకలేమి అన్నాడు. ఆసుపత్రిలో తలుపు గడియ తీసి చూపించిన చేయి ఇంట్లో ఒడిలో పడి ఉంటుంది. ఈ తేడాను పట్టుకోవడానికి టాబ్ బృందం ఒక పరీక్షను తయారుచేసింది. రోగికి తెలియకుండా కెమెరా పెట్టి, మామూలు మాటల మధ్యనే ఏదో ఒక వస్తువు తీయవలసిన పరిస్థితి కల్పించి, ఏ చేయి ముందుకు వస్తుందో చూసేవారు. పద్ధతి తెలివైనదే. కాని ఒక మనిషిని తెలియకుండా చిత్రించడం చిన్న విషయం కాదు. అటువంటి చోట రోగికి విషయం చెప్పి, అనుమతి తీసుకోకుండా ఆ చిత్రాన్ని ఉపయోగించరాదు.

2020లో కరోనా వల్ల ఆసుపత్రులకు వెళ్ళడం కష్టమయినప్పుడు, రోగులను వీడియో ద్వారా చూడడం అనేక దేశాలలో ఒక్కసారిగా పెరిగింది. మన దేశంలో కూడా ఆ సంవత్సరం మార్చి 25న దూరవైద్యానికి నియమాలు వెలువడ్డాయి. నగరానికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న రోగికి ఇది సౌకర్యమే. బస్సు ఎక్కడానికి ఇద్దరి సాయం కావలసిన మనిషి నెలకొకసారి ఆసుపత్రికి రావడం కంటె, మనవడో మనవరాలో ఇంటి వరండాలో వారానికొకసారి తీసిన రెండు నిమిషాల వీడియో ఎక్కువ చెప్పవచ్చు. అదే కుర్చీ, అదే బల్ల, అదే గ్లాసు, కెమెరా అదే దూరంలో ఉంటే చాలు. గ్లాసును బల్ల అంచు నుంచి ప్రతిసారీ ఒకే చోట ఉంచడానికి సుద్దతో గుర్తు పెట్టుకోవచ్చు. గ్లాసు నాలుగు వేళ్ళు దగ్గరకు జరిగినా చేయి బాగుపడినట్లు కనిపిస్తుంది.

ఆ వీడియోలో ఉన్నది చేయి మాత్రమే కాదు. తాతగారి ముఖం, ఆయన ప్రయాస, చేతిలోనుంచి జారిన గ్లాసు, ఒలికిన నీళ్ళు కూడా ఉంటాయి. కాబట్టి తీసేముందు ఆయనను అడగాలి, వద్దంటే తీయకూడదు. ఫిజియోథెరపిస్టుకు తప్ప మరెవరికీ పంపరాదు. చిత్రాలను భద్రపరచే ఆసుపత్రులు, ముఖం గుర్తించడానికి వీలులేకుండా మసక చేసిన తరువాతనే పరిశోధనకు ఇవ్వాలి. ముఖాన్ని పూర్తిగా తీసేసి కేవలం చుక్కలూ గీతలూ మాత్రమే మిగిల్చే పద్ధతి కూడా ఉన్నది. భుజం దగ్గర ఒక చుక్క, మోచేతి దగ్గర ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి, వాటిని కలిపే రెండు గీతలు. ఆ బొమ్మలో ఎవరి పోలికా ఉండదు. చేయి ఎంత చాచుకుంది, ఎక్కడ ఆగింది, మళ్ళీ ఎప్పుడు కదిలింది అన్నది మాత్రం ఉంటుంది.